తర్వాతి పేజీకి వెళ్లే ముందు

"ఒక్క బటనేగా! దానికింత ఆలోచన దేనికి?" అన్నాడు మొగుడు, ఆమె మడతపెట్టిన బట్టల దొంతరలోంచి అట్టడుగు చొక్కా లాగుతూ. దొంతర కూలింది. చొక్కా దొరికింది కనుక ఆయన వరకు సమస్య తీరిపోయింది.

ఆమె సమస్య మాత్రం తీరలేదు. ఆసుపత్రి మందుల స్టోరులో పనిచేసే ఆడవాళ్లు నిల్వలు సరిదిద్దుకునే వెబ్ అప్లికేషన్ ఆమె ఆఫీసువాళ్లు తయారుచేసిందే. మందుల ఫారాలన్నీ ఒకే తెరమీద పెడితే అది కదలనని మొరాయించింది. సరేనని టీమ్ లీడర్ వాటిని పేజీలు పేజీలుగా విడగొట్టాడు. అప్పటినుంచి కొత్త తంటా: ఒక పేజీలో అంకెలన్నీ దిద్ది 'తర్వాతి పేజీ' నొక్కితే దిద్దినవన్నీ గాలికి పోతున్నాయి. "ముందు సేవ్ నొక్కమనండి. వాళ్లకి జాగ్రత్త నేర్పాలి," అని తేల్చేశాడు లీడర్. ఈ చిక్కు విప్పి చూపించినవాళ్లకే కొత్త విభాగం అప్పగిస్తానని మేనేజర్ మేడమ్ చెప్పింది. చూపించేది ఈ మధ్యాహ్నమే. ఇదివరకు ఆమె చేసినవన్నీ లీడరే చూపించాడు.

జాగ్రత్త! ఆ మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. అత్తగారు పొయ్యి పక్కనే నిలబడి ఫోన్లో మాట్లాడుతుంటే పాలు పొంగిపోయాయి. "జాగ్రత్త లేదమ్మా నీకు" అని కోడల్నే అంది. మొగుడు తాళాలు పోగొట్టుకుని, "నువ్వు గుర్తుచేయొద్దూ?" అన్నాడు. మరిచేది ఎవరైనా మాట పడేది ఆమే. కూలిన బట్టలకేసి చూస్తుంటే చటుక్కున తట్టింది: చేసిన పనిని దాచాల్సింది పేజీ కదా, మనుషుల్ని తిట్టడమేమిటి? పేజీ తిప్పే బటనే ముందు ఆ ఫారాలన్నీ సరిచూసి, దాచి, అప్పుడు ముందుకు పోవాలి. ఏ వరసలో తప్పున్నా అక్కడే ఆగి చూపించాలి. ఆమెకు ఈల వేయాలనిపించింది. వేసింది కూడా. బట్టల్ని ఎక్కడివక్కడే వదిలేసి ఆఫీసుకు పరుగెత్తింది.

భోజనాల వేళకి పని పూర్తయింది. మీటింగు గదిలో లీడర్ అలవాటుగా, "నువ్వు పక్కన కూర్చోమ్మా, నేను చూపిస్తా," అన్నాడు.

ఆమె కీబోర్డు తనవైపు లాక్కుంది. కుర్చీ వదల్లేదు.

"మీరు కూర్చోండి సార్. నేనే చూపిస్తాను."

స్టోరునుంచి వచ్చిన పెద్దావిడ చేత అంకెలు దిద్దించింది. ఆవిడ పేజీ తిప్పి, భయంభయంగా వెనక్కి వచ్చింది. దిద్దినవి దిద్దినట్టే ఉన్నాయి. మళ్లీ తిప్పింది, మళ్లీ వచ్చింది, పకపకా నవ్వేసింది.

"ఇన్నాళ్లూ నాకే మతి పోయిందనుకున్నానమ్మా!"

"మీ మతికేమైందక్కా? తప్పు పేజీది."

గదంతా నవ్వులే. లీడర్ కూడా నవ్వక తప్పలేదు. మేనేజర్ మేడమ్ లేచి వచ్చి ఆమె భుజం తట్టింది. "కొత్త విభాగం నీదే. పని ఎక్కువుంటుంది మరి. ఇంట్లో ఓ మాట అడిగి రేపు చెప్తావా?"

ఆమెకు ఒళ్లంతా తేలికైపోయింది.

"అడిగేదేముంది మేడమ్? నేను ఒప్పుకుంటున్నాను. ఇంట్లో సాయంత్రం చెప్తాను."