చెరిసగం

మళ్ళీ ఫ్యాను కింద కుర్చీయే పట్టేసింది, నేను చెప్పులు విడిచి లోపలికి వచ్చేలోగా వెళ్ళి కూర్చుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఏమీ ఎరగనట్టు గోడమీద క్యాలెండరు చూస్తోంది, చూడనీ, ఈ చిన్నది ఎప్పుడూ ఇంతే, చిన్నది అంటే చిన్నపిల్లేం కాదు, నా తోటికోడలు, తలంతా నెరిసిన మనిషి, నన్ను పెద్దదనీ దాన్ని చిన్నదనీ పిలిచింది మా అత్తగారు, ఆవిడ పోయింది, ఆవిడ కొడుకులిద్దరూ పోయారు, మేమిద్దరం ఆ పిలుపులతో ఆ ఇంట్లో మిగిలాం, పిల్లలు లేరు, దీనికి నేను, నాకు ఇది, ఎవరు ఏ పాపం చేసుకుంటే ఇలాంటి జంట కుదురుతుందో, ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి రిపోర్టు కోసం వచ్చాం, దాని రిపోర్టు, పోయిన వారం దాని నోట్లోంచి గొట్టం దించి కడుపులో చిన్న ముక్క తీశారు, అది బయటికొచ్చి మొదట అన్నమాట ఏమిటంటే, అక్కా, ఇంటికి బయట గొళ్ళెం పెట్టావా, అని.

డాక్టరమ్మ కాగితం చదివింది, మళ్ళీ చదివింది, చదువుతున్నప్పుడు ఆమె కనుబొమలు నేను చూస్తూనే ఉన్నాను, మంచి వార్త ఎవరూ రెండుసార్లు చదవరు, వాపు తగ్గలేదు పెద్దమ్మా, బాక్టీరియా అలాగే ఉంది, పోయినసారి రాసిన మందులు రెండు వారాలూ వాడారా, అని దాన్ని అడిగింది, చిన్నది వెంటనే, అయ్యో, వాడకపోవడమేమిటమ్మా, ఒక్క మాత్ర మిగిలితే ఒట్టు, అంది, ఒట్టట, ఎంత నిజం, ఒక్కటీ మిగల్లేదు, సగం నా కడుపులోకే పోయాయిగా, అది అబద్ధం కూడా ఎంత నిజంగా చెబుతుందో చూడండి.

మా ఇంట్లో ఏదొచ్చినా చెరిసగం, అత్తగారు పెట్టిన పద్ధతి, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అని గొడవలు రాకుండా, గొడవలు ఆగలేదు గానీ పద్ధతి నిలిచిపోయింది, సబ్బు తెస్తే దారం బిగించి నడిమికి కోస్తాం, పాల గిన్నెలో మీగడ చెంచాతో గీత గీసి తీసుకుంటాం, పేపరొస్తే ముందు పేజీలు దానికి, వెనక పేజీలు నాకు, అందుకే ప్రపంచంలో ఏం జరుగుతోందో దానికి తెలుసు, కడుపులో ఏం జరుగుతోందో నాకు తెలుసు, వెనక పేజీల్లోనే కదా ఆరోగ్యం రాసేది, నేను బడికి పోయింది లేదు, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను, మెలి తిరిగిన ఆ బాక్టీరియా పురుగు కడుపులోని పులుపులో కూడా చావదని, పొర మీది జిగురులో దాక్కుంటుందని, ఒక్కసారి చేరితే ఏళ్ళ తరబడి లోపల సన్నగా వాపు పెడుతూనే ఉంటుందని, ఆ వాపుకు పొర పలచబడి, రూపం మారి, ఏ కొందరిలోనో అదే కేన్సర్ అవుతుందని, అందరికీ కాదు, కొందరికే, ఆ కొందరెవరో మాత్రం ఏ పేజీలోనూ వెయ్యరు.

పోయినసారి మందుల కవరు ఇంటికి తెచ్చిన సాయంత్రం అది బల్లమీద అట్టలన్నీ పరిచి కత్తెర తీసింది, ఇంట్లో ఉన్నవాళ్ళకి కూడా ఉండొచ్చు, పరీక్ష చేయించుకోండి అని డాక్టరమ్మ చెప్పింది నిజమే, పరీక్ష అన్న మాట దీని చెవికెక్కలేదు, నేనొక్కదాన్నే మింగితే నీ ఏడుపంతా నామీదే ఉంటుంది అక్కా, ఇదిగో నీ వాటా, అని అట్టలు సగానికి కత్తిరించి నా కంచం పక్కన పెట్టింది, నేను మంచిగానే చెప్పాను, ఏయ్, ఇవి సబ్బు కాదే, మొత్తం ఒక్కరే వాడాలి, సగం కొట్టి వదిలేస్తే ఆ పురుగులు మొండికెత్తి మళ్ళీ లేస్తాయి, అన్నాను, అది నవ్వింది, ఓహో, వెనక పేజీ డాక్టరమ్మ గారా, బావగారి విషయంలో కూడా ఈ తెలివే చూపించి ఉంటే బాగుండేది, అంది, అంతే, దాని కళ్ళముందే నా వాటా మొదటి మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను, రోషంతో మింగిన మందు ఏ రోగానికి పనిచేస్తుంది.

బావగారట, నా మొగుడు, ఆయనకి ఎప్పుడూ కడుపులో మంటే, అన్నం తిన్నా మంటే, తినకపోయినా మంటే, గ్యాసు అన్నారు, తెల్లటి మందు సీసాలు సీసాలు తాగారు, ఇంట్లో ఎవరికి మాత్రం గ్యాసు లేదు అనుకున్నాం, చొక్కాలు వదులయ్యాక ఆస్పత్రికి వెళ్ళాం, ఆలస్యమైందన్నారు, చివరి రోజు పొద్దున, నువ్వు ఇంటికెళ్ళి స్నానం చేసిరా, నేనెక్కడికి పోతాను, అన్నారు, నేను తడిజుట్టుతో తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు, మరిది కూడా అంతే, క్షవరానికని వెళ్ళినవాడు అక్కడే కుర్చీలో ఒరిగిపోయాడు, మా అమ్మ బస్సు కిటికీలోంచి చెయ్యూపింది, అదే ఆఖరు, నేను పక్కన లేకుండా చూసుకుని పోవడం వీళ్ళందరికీ ఎవరు నేర్పారో, ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నలుగురి ముందూ చిన్నది గుండెలు బాదుకుంటూ, నీ చేతి కారమే మా బావగారి కడుపు తినేసింది, అంది, ఆ మాట నేను ఇన్నేళ్ళూ మోశాను, కూరలో కారం వేసిన ప్రతిసారీ మోశాను, మొదటిసారి ఈ గదిలోనే డాక్టరమ్మ బాక్టీరియా సంగతి చెప్పినప్పుడు దాని మొహం వంక చూశాను, మొహం మాడుతుందేమోనని, అయితే కారం కాదా అమ్మా, అనడిగింది, కారం కాదు పెద్దమ్మా, చిన్నప్పుడే ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది, ఉప్పు మరీ ఎక్కువ తింటే దానికి కొంత తోడవుతుంది, అందావిడ, ఇంటికెళ్ళే ఆటోలో ఇది నా చెవిలో, విన్నావా, ఉప్పు, అంది.

అయితే ఈ మందుకు లొంగలేదన్నమాట, అని ఇప్పుడు డాక్టరమ్మ తనలో తనే అనుకుంటూ కలం తీసింది, పొర మారడం మొదలైంది పెద్దమ్మా, పేగు పొరలా తయారవుతోంది, ఇది కేన్సర్ కాదు, భయపడకండి, కానీ వదిలేస్తే అటే పోవచ్చు, అంటోంది, బల్ల కింద నా తొడమీద ఏదో గుచ్చుకుంది, చిన్నది గిల్లుతోంది, నోరు విప్పావంటే చూడు అని, వేళ్ళు చల్లగా ఉన్నాయి, నేనెందుకు విప్పుతాను, నాకేం పట్టింది, దాని అబద్ధం అదే అనుభవించనీ, తప్పుడు మందు రాయించుకోనీ, పోతే పోతుంది, ఇల్లంతా నాదే, ఫ్యాను నాదే, పేపరంతా నాదే, సబ్బు మొత్తం నాదే, సబ్బు మొత్తం, అరగదు, నేనొక్కదాన్నే రుద్దుకుంటే ఎంతకీ అరగదు, ఆ ముందు పేజీలు చదివి ఎవరితో చెప్పను, చెప్పినా కాదని ఎవరు వాదిస్తారు, ఛీ, ఏమిటీ ఆలోచన.

అబద్ధమమ్మా, అన్నాను, నా గొంతే నాకు కొత్తగా వినిపించింది, సగమే వాడింది, మిగతా సగం నేను మింగాను, మా ఇంట్లో అన్నీ చెరిసగం, అన్నాను, డాక్టరమ్మ కలం ఆపేసింది, మందులు పంచుకున్నారా, అంది, చిన్నది ఎగిరిపడింది, నేను ఇచ్చానే అనుకో, నువ్వు మింగలేదా, నోట్లో కుక్కానా, అంది, కుక్కినంత పనీ చేశావు, అన్నాను, వెనక పేజీలన్నీ చదివినదానివి నీ బుద్ధి ఏమైంది, అంది, నీతో కాపురం చేసి బుద్ధి ఎక్కడ మిగులుతుందే, అన్నాను, డాక్టరమ్మ బల్లమీద అరచేత్తో కొట్టింది, ఆపండి, సగం మందుతో అది చావదు, ఇద్దరిలోనూ మొండికేసి ఉండొచ్చు, మీకు కూడా పరీక్ష చేస్తాను, ఉంటే ఎవరి మందులు వాళ్ళకే, ఒక్క మాత్ర అటూ ఇటూ మారకూడదు, అంది, చూశావా, నీ నోటి దురద, నీక్కూడా గొట్టం దించుతారు, అంది చిన్నది, దించనీ, అన్నాను.

అప్పుడది నావైపు కాకుండా డాక్టరమ్మ వైపు తిరిగి, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో, నేను పోతానా అమ్మా, అని అడిగింది, సరిగా వాడితే వాపు తగ్గుతుంది, పొరను అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉందాం, అందావిడ, పోనని చెప్పలేదు, నేను గమనించాను, నాకు జాలేమీ కలగలేదు, ఒట్టు, ఒళ్ళంతా కోపమే వచ్చింది, ఈ గయ్యాళి, ఈ అబద్ధాలకోరు, నా మొగుడి చావు నా నెత్తిన రుద్దిన మనిషి, ఇప్పుడు ఇంత మెల్లగా అడిగి నన్ను దాటుకుని వెళ్ళిపోదామనుకుంటోంది, కుదరదు, దాని పక్కన కూర్చుని ప్రతి మాత్రా మింగిస్తాను, నోరు తెరిపించి నాలుక కింద చూస్తాను, తిట్టనీ, కొరకనీ, దీని పీడ ఎప్పుడు వదులుతుందా అని ఎదురుచూస్తున్నానని ఇన్నేళ్ళూ నన్ను నేనే నమ్మించుకున్నాను, ఎంత అబద్ధం, నాతో పోట్లాడడానికి ఈ లోకంలో మిగిలింది ఇదొక్కతే, దీన్ని నేను పోనివ్వను.