తువ్వాలు రెండో కొస

కళ్ళకు కట్టే నల్లగుడ్డను ఆయమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సబ్బు వాసన పూర్తిగా పోలేదు. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తెచ్చింది. దుప్పటి ముడతలు సర్ది, కిటికీ తెర లాగింది. ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రిలో పక్కలు మార్చిన మనిషి. మోకాళ్ళు అరిగాయి గానీ ఓపిక అరగలేదు. ఇప్పుడు ఆమె పని, మందు మింగినవాళ్ళ పక్కన ఆరుగంటలు కూర్చోవడం.

పుట్టగొడుగుల్లోని పదార్థంతో చేసిన ఆ మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది.

"దిగులుతో మెదడులో గాడి పడిపోతుంది ఆయమ్మా. ఏ ఆలోచనైనా అందులోకే జారుతుంది. ఈ మందు ఆ గాడిని కాస్త మెత్తబరుస్తుంది. అందరికీ పనిచెయ్యదు. కొందరికి భయం కూడా పుట్టిస్తుంది" అని డాక్టరమ్మ చెప్పింది.

మాత్రతో వచ్చే శాంతి దేవుడిచ్చిందేనా? జ్వరం మాత్ర కూడా దండం పెట్టుకునే మింగుతాను కదా అని ఆయమ్మ సరిపెట్టుకుంది. దిగులుతో గోడవైపు తిరిగి పడుకుని అలాగే పోయిన తన తమ్ముడికి ఈ గది దొరకలేదు.

ఆనాటి రోగి బస్సు డ్రైవరు. నాలుగేళ్ళ క్రితం అతని బస్సు కింద ఒక కుర్రాడు పోయాడు. అప్పటినుంచి సరైన నిద్ర లేదు.

"ఇది మింగితే దేవుడు కనిపిస్తాడంట, నిజమేనా అమ్మా?"

"కనిపిస్తే నా మోకాళ్ళ సంగతి కూడా అడుగు నాయనా."

అతను నవ్వాడు. కానీ మందుకు ముందు నింపే అంగీకార కాగితంలో, భయమేస్తే చెయ్యి పట్టుకోవచ్చా అన్నచోట వద్దని రాశాడు.

"నా చేతులు మంచివి కావమ్మా."

మందెక్కాక మాట మార్చినా చెల్లదు. అది ఆ గది నియమం.

మూడో గంటలో అతనికి చెమటలు పట్టాయి. చెయ్యి గాలిలో తడుముకుంది. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను నాయనా."

ఆమె చెయ్యి చాచింది. అవతలి కుర్చీలోంచి డాక్టరమ్మ వద్దన్నట్టు తల ఊపింది. పట్టుకుంటే అతనికిచ్చిన మాట తప్పినట్టు. ఊరుకుంటే తమ్ముణ్ణి మళ్ళీ వదిలేసినట్టు. ఆయమ్మ భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొస అతని అరచేతిలో పెట్టి, రెండోది తన గుప్పిట్లో బిగించింది. అతను లాగినప్పుడల్లా మెల్లగా తిరిగి లాగింది. నేనున్నానని చెప్పడానికి అంతే. చాలాసేపటికి అతను ఏడ్చాడు. తర్వాత ఊపిరి నిదానించింది.

సాయంత్రం గుడ్డ విప్పుకుని అన్నాడు: "ఆ అబ్బాయి కనిపించాడమ్మా. కోపంగా లేడు."

తువ్వాలు ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. "ఉంచుకో, ఉతికిందే" అంది.

ఇంటికి నడుస్తూ, ఇతనికైనా దొరికింది తండ్రీ అని దండం పెట్టుకుంది.

పదిరోజులకు, వరసగా నిద్ర పడుతోందని చెప్పడానికి డ్రైవరు తువ్వాలు ఉతికి తెచ్చాడు. ఆయమ్మ ఆదివారం నిద్రలోనే పోయిందని డాక్టరమ్మ చెప్పింది.

అతను ఆ గదిలోకి నడిచాడు. తువ్వాలును ఆమె కుర్చీ చేతిమీద వేసి వెళ్ళాడు. ఒక కొస మంచంవైపు, అందేంత దూరంలో వేలాడుతోంది.