రెండో బ్రేకు

మా అన్నయ్యకి భోజనాల దగ్గర లోకాన్ని బాగుచేసే అలవాటుంది. ఆ రోజు వంతు పెద్దరికానిది. ఎక్కడో అడవుల్లో మగపిల్లల చేతుల్ని చీమలతో కుట్టిస్తారట. కిక్కురుమనకుండా ఓర్చుకున్నవాడు మర్నాటి నుంచి పెద్దల్లో లెక్కట.

"మనకి అలాంటిదేమీ లేదు. అందుకే జుట్టు నెరిసినా ఎవడూ ఎదగట్లేదు," అన్నాడు, తను తిన్న కంచం అమ్మ వచ్చి తీసేదాకా అక్కడే కూర్చుని.

"లేకపోవడమేంట్రా, లైసెన్సు ఉందిగా!" అన్నాడు నాన్న.

నాన్న డ్రైవింగ్ మాస్టారు. స్కూలు మూసేసి కొన్నేళ్ళయింది గానీ, ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఆయన కనిపిస్తే స్టీరింగు మీద చేతులు సర్దుకుంటారు. లైసెన్సు వచ్చినవాళ్ళ కోసం ఆయన ఒక తంతు పెట్టుకున్నాడు. వాళ్ళింటి దాకా వాళ్ళచేతే నడిపించి, గేటు ముందు గట్టిగా హారను కొట్టించేవాడు. ఇంట్లోవాళ్ళంతా బయటికొచ్చాక తను దిగి, "ఇక వీణ్ణి నమ్మొచ్చండీ," అని అప్పజెప్పేవాడు. కొందరు తల్లులు ఏడ్చేవాళ్ళట. అన్నయ్యకీ అలాగే చేశాడు, అమ్మ నిజంగానే కళ్ళు తుడుచుకుంది. నా వంతు వచ్చేసరికి, "మనింటి ముందు మనం హారను కొట్టుకోవడమేంటే, పక్కవాళ్ళు తిడతారు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

కాబట్టి ఇన్నేళ్ళొచ్చినా నేనింకా చిట్టినే. నాన్న స్కూలు కారే ఇప్పటికీ మా ఇంటి కారు. అందులో పక్క సీటు దగ్గర కూడా మాస్టారి కోసం ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. నేను నడుపుతుంటే నాన్న కాలు ఆ రెండో బ్రేకు మీద నుంచి కదిలేది కాదు. స్కూలు మూసేసినా ఆయన వాటిని తీయించలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, నాన్నకి బండి మీద పట్టు తప్పుతోంది. నేను కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాను. అందుకే ముందు కళ్ళని అనుమానించి, షాపుకి తీసుకెళ్ళి చూశాను. చార్టులో అడుగు వరస దాకా గడగడా చదివేశాడు. ఎర్రలైటు ఆయనకి బాగానే కనిపిస్తోంది. కనిపించాక ఏం చేయాలో కాలికి ఆలస్యంగా తెలుస్తోంది, ఒక్కోసారి తెలియడమే లేదు. డాక్టరుకి చూపిస్తే, అన్ని పరీక్షలూ చేసి, ఇక బండి తీయనివ్వకండి అన్నాడు. నాన్న బయట బల్ల మీద కూర్చుని ఉండగా నా ఒక్కదానితోనే అన్నాడు. నేను ఆ మాట ఇంట్లో ఎవరి చెవినీ వేయలేదు.

వేయకుండా ఏం చేశానంటే, శనివారాలు మార్కెట్టుకి ఆయన పక్కన కూర్చుని వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన కాలు మరిచిపోయినప్పుడల్లా నా కాళ్ళు పని చేస్తాయి. మెత్తగా, కుదుపు లేకుండా. నేర్చుకునేవాడికి తెలియకుండా బ్రేకు వేయడమే మాస్టారి పనితనమనీ, తెలిస్తే వాడు బెదిరిపోతాడనీ ఆయనే అంటుండేవాడు. నాన్న బెదరలేదు. బెదరకపోగా ధైర్యం పెరిగింది. మొదట్లో శుక్రవారం రాత్రి నుంచే భయం పట్టుకునేది. ఇప్పుడు అదీ లేదు, పళ్ళు తోముకున్నట్టే బ్రేకు వేస్తున్నాను.

"సరే గానీ, రేపటి నుంచి బుజ్జిదాన్ని ఈత క్లాసుకి నేను దింపుతా," అన్నాడు నాన్న, ఆ రోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి.

బుజ్జిది అన్నయ్య కూతురు, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. అన్నయ్య నా వైపు తిరిగాడు.

"ఎలా నడుపుతున్నాడే? నువ్వు పక్కన కూర్చుంటున్నావుగా."

నాన్న నీళ్ళు తాగుతూ గ్లాసు మీదుగా నన్నే చూస్తున్నాడు.

"బాగానే," అన్నాను.

బుజ్జిది ఎగిరి గంతేసి, ముందు సీటు నాదే అంది. దాని కాళ్ళు సీటు అంచు దాటి రావు. ఆ సంగతి నేను కంచాలు కడుగుతూ ఆలోచించాను. ఏడుపు రావాలి కదా అనుకున్నాను గానీ రాలేదు. అన్నయ్యకి చెప్పేయొచ్చు. చెప్తే అన్నయ్య దాన్ని నలుగురిలో, ఉపన్యాసంతో సహా, నాన్న నెత్తిన పెడతాడు. నాన్నకి తెలియాల్సింది నా నోటితోనే. అలా అనుకుని వెళ్ళి పడుకున్నాను. శుభ్రంగా నిద్ర కూడా పట్టింది, సిగ్గులేకుండా.

మర్నాడు పొద్దున మార్కెట్టుకి బయల్దేరాం. బుజ్జిదాని క్లాసు సాయంత్రం. నాన్న హుషారుగా ఉన్నాడు. "చీమలతో కుట్టిస్తే పెద్దవాళ్ళవుతారా? మీ అన్నయ్య నోరు కాసేపు మూయించడానికైనా తెప్పించాలే ఆ చీమల్ని," అంటున్నాడు. ముందు ఎర్రలైటు పడింది. పసిపిల్లాణ్ణి చిన్న బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ ఒకామె రోడ్డు దాటుతోంది. నాన్న ఆమెని చూస్తూనే ఉన్నాడు, కారు వేగం మాత్రం తగ్గలేదు. నేను రెండు కాళ్ళూ నొక్కాను. తెల్ల గీత దగ్గర ఆగింది. ఆమె దండం పెట్టినట్టు చెయ్యెత్తింది. నాన్న పెద్దమనసుతో తలూపాడు.

"చూశావా? నా కాలికి ఇంకా వయసు రాలేదే," అన్నాడు.

"ఆపింది నేను నాన్నా."

"నువ్వా?" అని నవ్వాడు.

"నా వైపు బ్రేకు. ఇవాళొక్కటే కాదు. చాలా రోజులుగా నేనే ఆపుతున్నాను. డాక్టరు నిన్ను బండి తీయొద్దన్నాడు. నేనే చెప్పలేదు."

నాన్న వంగి నా కాళ్ళ వైపు చూశాడు. నేను కాళ్ళు తీయలేదు. తీస్తే కారు ముందుకు కదులుతుంది.

"నాకు తెలియలేదే," అన్నాడు.

"తెలియకుండానే వేశాను."

ఆయన మళ్ళీ నా కాళ్ళ వైపే చూశాడు.

"ఒక్క కుదుపు కూడా లేదు," అన్నాడు. శిష్యులకి మార్కులు వేసే గొంతది. చిన్నప్పటి నుంచీ ఆ గొంతు నా కోసం పలుకుతుందని కాచుకున్నదాన్ని. తీరా విన్నాక నాలో ఏమీ కదల్లేదు. ఆ చీమలే నయం, కనీసం నొప్పైనా తెలిసేది.

"మరి బుజ్జిది?" అన్నాడు.

"దాని కాళ్ళు అందవు నాన్నా."

పచ్చలైటు పడింది. పక్కకి తీయమన్నాను. నా కాళ్ళు బ్రేకు మీదే ఉంచుకుని, మూసి ఉన్న ఒక కొట్టు ముందు ఆపించాను. నాన్న హ్యాండ్ బ్రేకు లాగి, తాళం తిప్పి, తాళంచెవి దానికే వదిలేసి దిగాడు. నేను దిగి అటు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది.

నాన్న చుట్టూ తిరిగొచ్చి నా పక్క సీటు తలుపు తీశాడు. కింద ఉన్న క్లచ్చునీ బ్రేకునీ చూశాడు. తలుపు మళ్ళీ వేసేసి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఆయన కారులో ఆయన వెనక కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బెల్టు పెట్టుకోవాలా?" అని అడిగాడు.

"పెట్టుకో నాన్నా."

వెనక సీటు బెల్టు ఎక్కడుంటుందో ఆయనకి తెలియలేదు. అటూ ఇటూ తడుముకుంటున్నాడు. నేను దిగి వెనక తలుపు తీశాను. పట్టీ లాగి, ఆయన ఒంటి మీదుగా తెచ్చి అవతల బిగించేదాకా, నాన్న రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు.