గదిలో ఉన్నవాళ్ళ పాట

ఆ ఆదివారం జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లోని పిన్ని ఇంట్లో ఆరుగురు ఉన్నారు. పిన్ని అలివేలుమంగ వంటింట్లో ఉంది. ఆమె భర్త కౌశల్ బాబాయి ముందుగదిలో, కొత్త కుర్తా వేసుకొని కూర్చున్నాడు. ఆయన పక్కన సోఫాలో వెంకటరామారావు గారు, తొంభై పల్లెపాటలు రాశానని పలకరించిన ప్రతివాడికీ చెప్పే పెద్దమనిషి. కార్పెట్ మీద అభినవ్, ఒళ్ళో లాప్‌టాప్. కిటికీ దగ్గర కుర్చీలో ఈషా, పాట పాడవలసిన పిల్ల, గంట ఆలస్యంగా వచ్చింది. ఆరో మనిషి ఆదిలక్ష్మి, పిన్నికి అక్క కూతురు. పదహారేళ్ళది. హీటర్ పక్కన నేల మీద ముడుచుకొని కూర్చుంది, చేతిలో డైరీతో.

ఎవరెవరు ఎక్కడ ఉన్నారో ముందే చెప్పడానికి కారణం ఉంది. కౌశల్ బాబాయి కంపెనీ పని మీద రెండేళ్ళు అమెరికాలో, నాష్‌విల్ అనే ఊళ్ళో ఉండి వచ్చాడు. అక్కడ పల్లెపాటని కంట్రీ మ్యూజిక్ అంటారట. పాడేవాడు ఒకడు, ముఖం వాడిది. రాసేవాళ్ళు వేరు, వాళ్ళ ముఖం ఎవరికీ తెలియదు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు పొద్దున పదకొండింటికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, పెట్టుకొని ముగ్గురు నలుగురు ఒక గదిలో కూర్చుంటారట. మధ్యాహ్నానికి ఒక పాట పుట్టించి లేస్తారట. గదిలో ఉన్న ప్రతి మనిషికీ ఆ పాటలో సమానంగా పేరు. ఏ ముక్క ఎవరు అన్నారని అడగడం మర్యాద కాదు.

ఆ ఆచారాన్ని బాబాయి సూట్‌కేసులో పెట్టుకొని తెచ్చాడు. ప్రతి పాటకీ ముందు ఒక తెల్లకాగితం తీసి తేదీ, సమయం, గదిలో ఉన్నవాళ్ళ పేర్లు రాస్తాడు. అదే ఆయన రాతలో అన్నిటికన్నా మంచి భాగమని ఆదిలక్ష్మి అనుకుంది.

ఆ కాగితం మీద తన పేరు ఉండాలని ఆమెకు ఉంది. జగిత్యాల దగ్గర పల్లెలో అమ్మతో, అమ్మమ్మతో ఉండి పదో తరగతి దాకా చదివింది. ఇక్కడి కార్ల కంపెనీలో ఇంజనీరైన నాన్న నిరుడు తల్లీకూతుళ్ళని తెచ్చుకున్నాడు. ఇక్కడి బడిలో ఆమె గొంతు విన్నవాళ్ళు లేరు. నిండిన డైరీలు ఐదున్నాయి, ఒక్కటీ ఎవరూ చదవలేదు. ఒక్క పాట కింద ఒక్కసారి తన పేరు ఉంటే చాలు. అమ్మానాన్న పుట్టినరోజు విందుకని న్యూరెంబర్గ్ పోతుంటే, తలనొప్పి అని చెప్పి ఇక్కడికి వచ్చింది అందుకే.

పదకొండు నుంచి వాళ్ళ పనితనం చూస్తోంది. వెంకటరామారావు గారి ఫోనులో పది మాటలున్నాయి: గజ్జెలు, గాజులు, మల్లెలు, ఎద్దులబండి, అలాంటివి. ఏ పాటకైనా అవే, ఉప్మాకి పోపు వేసినట్టు. అభినవ్ పొలాన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులోంచి చూశాడు. ఈషా స్టట్‌గార్ట్‌లో పుట్టింది, తెలుగు పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటుంది. వచ్చీ రాగానే 'చిలకా' అన్న చోట 'బేబీ' అనమంది. ఆ ఒక్క మాటకి ఆమె పేరు కాగితంలో అందరికన్నా పైన చేరింది. ఆదివారం చప్పుడు చేస్తే పైఅంతస్తు ముసలావిడ నేలని కర్రతో కొడుతుందని, డప్పుకు బదులు దిండు వాయిస్తున్నారు. నేల విడిచి సాము అంటే ఇదే.

నాట్ల మీద పాట. మూడు గంటలు కష్టపడి రెండు ముక్కలు తేల్చారు.

"ముందుకు ముందుకు అడుగేసి, మురిసి నాటేసె నా బేబీ," అని వెంకటరామారావు గారు కళ్ళు మూసుకొని చదివారు. "ఎలా ఉందబ్బాయ్?"

"బాగుంది సర్, కానీ హుక్ లేదు," అన్నాడు అభినవ్. "ఒకసారి వింటే పట్టుకునేది కావాలె."

పిన్ని టీ తెచ్చి గడప దగ్గరే ఆదిలక్ష్మికి అందించింది. 'ముందుకు ముందుకు' అన్న మాట పిన్నీ వింది. వినీ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె పెళ్ళయ్యేదాకా తల్లితో, అంటే ఆదిలక్ష్మి అమ్మమ్మతో, నాట్లకు పోయిన మనిషి. ఆ సంగతి ఈ ఊళ్ళో బాబాయికి తప్ప బయటివాళ్ళెవరికీ తెలియదు. 'ఈడ ఎవ్వరితోని నాట్లు గీట్లు అనకు. మేం హైదరాబాదోళ్ళం అని చెప్పిన,' అని ఆదిలక్ష్మికి వచ్చిన మొదటివారమే చెవిలో వేసింది.

ఆదిలక్ష్మి కప్పులు ఇస్తూ ఇస్తూ వెంకటరామారావు గారి దగ్గర ఆగింది.

"గట్ల నడవరు తాతా."

"ఏంటమ్మా?"

"నాటేసేటోళ్ళు ముందట్కి నడవరు. ఎనక్కి నడుస్తరు. ముందట్కి పోతే ఏసిన నారంతా తొక్కుకుంటం కదా. ఎనక్కి ఎనక్కి పోతుంటే ముందటంతా పచ్చగైతది."

దిండు మీద చెయ్యి ఆగింది. తొంభై పాటలు రాసిన మనిషికి, నాటు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారని తెలియదు. తెలియనందుకు ఆయన సిగ్గుపడలేదు. ఆయన కళ్ళు మాత్రం పిల్లి పాలగిన్నెను చూసినట్టు వెలిగాయి.

"వెనక్కి వెనక్కి నడిచింది, ముందంతా పచ్చగ విడిచింది," అన్నారు మెల్లగా. "దొరికిందండి హుక్. రాసెయ్ అభినవ్."

"గెనావ్, అదే అదే," అంది ఈషా. "నాకు గూస్‌బంప్స్."

"నాకు తట్టిందే అది," అన్నాడు కౌశల్ బాబాయి. "నోటి దాకా వచ్చింది."

ఆదిలక్ష్మి హీటర్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వాళ్ళు ఒకరినొకరు మెచ్చుకోవడం ముగిసేదాకా ఆగి అడిగింది.

"బాబాయ్, నా పేరు రాయవా?"

"యాడ?"

"కాగితంల. గదిల ఉన్నోళ్ళకి సమానం అన్నవ్ కదా."

బాబాయి నవ్వాడు. "నువ్వు గదిల యాడున్నవే? టీ ఇయ్యనీకె వచ్చినవ్."

"పదకొండింటి సంది ఈన్నే ఉన్న."

"ఈమెది ప్రాక్టికుమ్ అనుకుందాం," అంది ఈషా. "నేర్చుకోడానికి వచ్చింది. సో స్వీట్."

అభినవ్ నవ్వాడు. వెంకటరామారావు గారు నవ్వలేదు. ఆదిలక్ష్మి వైపు వంగి ఎంతో దయగా చెప్పారు. "పేరు ఏం చేసుకుంటావమ్మా? నా తొంభై పాటలూ ఎవరెవరో పాడుకుంటున్నారు. నన్నెవరు ఎరుగుదురు? మన పని తెర వెనకాలే. అదో తపస్సు. సరే గానీ, నాకో సందేహం. వెనక్కి నడిచేవాళ్ళకి వెనకాల కనపడదు కదా, మడి అయిపోయిందని ఎలా తెలుస్తుంది? అది తెలిస్తే చివరి చరణం వచ్చేస్తుంది."

తపస్సు అంటున్నారు గానీ, కాగితంలో రెండో పేరు ఆయనదే. ఆదిలక్ష్మికి అది ఇక్కడి నుంచే కనిపిస్తోంది. ఆయన అడిగినదానికి జవాబు ఆమె మూడో డైరీలో ఉంది. ఆ రోజు అమ్మమ్మ పక్కన వంగి, నడుము విరిగేలా నాటేసి వచ్చి రాసుకుంది. మడమకు ఒడ్డు తాకుతుంది. అప్పుడు తల ఎత్తి చూస్తే మడి మడంతా పచ్చగా ఉంటుంది.

"పేరు రాస్తె చెప్త," అంది.

ఆమె జీవితంలో అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడలేదు. బాబాయి కాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. ఆయన ముఖంలోకి నెమ్మదిగా ఒక తెలివి వచ్చింది.

"సరే ఆదీ," అన్నాడు. "ముందు ఈ కప్పులు లోపల పెట్టి రా."

కప్పులు తీయమంటే తీసి పెట్టే అలవాటు ఆమెది. డైరీ చంకలో పెట్టుకొని, ఐదు కప్పులూ ట్రేలో సర్దుకొని లేచింది. గడప దాటిందో లేదో వెనక కాగితం చింపిన చప్పుడు వినిపించింది.

"ఇగ కొత్త సెషన్," అంటున్నాడు బాబాయి. "రెండూ నలభై. గదిల ఉన్నోళ్ళు ఎవరెవరు? ఈషా. సర్. నేను. అభినవ్. మంగా, ఓ మంగా, ఒకసారి రా. నువ్వు కూడా నాట్లేసినవ్ కదా చిన్నప్పుడు? మడి అయిపోయిందని ఎట్ల తెలుస్తది?"

ట్రే పట్టుకొని ఆదిలక్ష్మి ఇరుకైన నడవాలో నిలబడిపోయింది. పిన్ని వంటింట్లోంచి వచ్చింది. చేతులు తుడుచుకుంటోంది. ఇన్నేళ్ళూ హైదరాబాదు మనిషినని చెప్పుకున్న పిన్ని, ఎవరికి వినపడుతుందోనని వెనక్కి చూడలేదు. చెదిరిన జుట్టు చెవి వెనక్కి దోపుకుంది. ఆమె ముఖం పెళ్ళిలో ఫోటోకి పిలిచినప్పటిలా ఉంది.

"పిన్నీ," అంది ఆదిలక్ష్మి.

పిన్ని ట్రే తగలకుండా చీర కుచ్చిళ్ళు ఒడిసి పట్టుకొని, పక్కకు ఒత్తిగిలి, ఆమెను దాటి గదిలోకి అడుగుపెట్టింది.

"నా పేరు అలివేలుమంగ అని పూర్తిగ రాయండి," అంది లోపలివాళ్ళతో. "మడిమెకు ఒడ్డు తాకుతది. అప్పుడు మడి అయిపోయినట్టు."

అని, వెనక్కి తిరగకుండానే, మడమతో తోసి తలుపు వేసింది.