కవిన్ కంచం

ఆ ఉదయం ఆకాశం నది మొగ దాకా కిందికి దిగి అక్కడే ఆగిపోయింది. వానా రాలేదు, ఎండా రాలేదు. మలేషియాలోని మా ఊరు హుటాన్ మెలింటాంగ్ పడవలన్నీ కట్టిన చోటే నీడ లేకుండా ఉన్నాయి.

మా అమ్మాయి సుమిత ఇపో నగరం నుంచి వచ్చిన బస్సు దిగింది. నా మోటార్‌సైకిల్ ఎక్కకుండా నిలబడిపోయింది.

"నానా, ముందు నీకు సెప్పాల."

ఆమె పనిచేసే ప్రయోగశాలలో లోహాలు కలిపిన మందులు తయారుచేసి మలేరియా క్రిముల మీద వేసి చూస్తారు. ఆ క్రిముల్లో ఒకటి మా అబ్బాయి కవిన్‌ది. పామాయిల్ తోటల పనికి వెళ్లి, కోతుల నుంచి వచ్చే మలేరియా తగిలి పోయాడు మావాడు. పోకముందు తీసిన రక్తంలోని క్రిమిని, మా సమ్మతితోనే, సీసాలో పెంచుతున్నారు. మనిషి రక్తమే దానికి తిండి. వాడు లేడు. అది ఉంది.

"బంగారం కలిపిన మందొకటి సేసినాం. మిగతా క్రిములన్నీ సచ్చినాయి. ఇప్పుడు అన్నయ్యదాని మీద ఎయ్యాల. నాకు సెయ్యి రావట్లేదు నానా. అమ్మకి సెప్పకుండా ఎయ్యలేను."

"అంతా పోతాదా?"

"సీసాలోది పోతాది. కొంచెం గడ్డకట్టించి దాసినాం. అది ఉంటాది."

నా భార్య రత్నావతి దగ్గర బంగారం మాట ఎత్తడమే కష్టం. చితి దగ్గర కవిన్ నోట్లో బంగారం పెట్టమని పెద్దలు అంటే ఆమె పిడికిలి విప్పలేదు. పెడితే పోయినట్టేనంది. ఆ పిసరు ఇప్పటికీ కొంగున ముడేసుకుంటుంది. సీసా సంగతి తెలిసినప్పటి నుంచి సుమితని ఫోనులో "ఎలాగున్నాడే?" అని అడుగుతుంది. మధ్యాహ్నం వాడి చోట వాడి కంచం పెట్టి వడ్డిస్తుంది. సాయంత్రం నేను తీసి కడుగుతాను. ఒక్కోసారి అన్నం మీద వేళ్లు తగిలినట్టు గుంట ఉంటుంది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"సేపముల్లులాగ అయిపోనావే! ఇపోలో అన్నం ఎట్టరేటి?" అంది రత్నావతి, ఇంటికొచ్చిన కూతుర్ని చూడగానే.

సుమిత నవ్వలేదు. వంటింటి గుమ్మంలోనే మందు సంగతి చెప్పేసింది. రత్నావతి గరిటె తిప్పుతూనే ఉంది.

"బంగారమేనా?"

"బంగారమేనమ్మా."

"వోడికి నొప్పెడతాదా?"

"అది అన్నయ్య కాదమ్మా. అన్నయ్యని తినేసిందది."

గరిటె ఆగింది. పులుసు పొంగి పొయ్యి మీద పడింది. నేను మంట తగ్గించాను.

"మరి ఎలాగున్నాడని అడిగినప్పుడల్లా, బాగున్నాడని సెప్పినావేటే?"

సుమిత పొయ్యి మీద పడిన పులుసు తుడవసాగింది.

రత్నావతి కొంగు ముడి విప్పింది. ఆ పిసరును అరచేతిలో కాసేపు చూసి దీపం పక్కన పెట్టింది.

"ఏసేయ్. ఏటీ మిగల్చకు."

సుమిత నా వైపు చూసింది. గడ్డకట్టించి దాచినది నాకు గుర్తుంది. నేను గిన్నెలు దించడానికి వెళ్లాను.

రత్నావతి కవిన్ కంచంలో అన్నం వడ్డించింది. వాడి చోట పెట్టబోయి, సుమిత ముందు పెట్టింది. వాడి చోటు ఖాళీగానే వదిలి ముగ్గురం కూర్చున్నాం. చేపల్లో ముళ్లు ఏరుకుంటూ తిన్నాం.