తగ్గిన చదువు

పద్నాలుగో చొక్కాకు మూడో గుండీ కుడుతుండగా ఎవరో తలుపు కొట్టారు. ఆమె దారాన్ని పళ్ళతో తెంపి, చొక్కాను ఒళ్ళోంచి దించి లేచింది. రోజుకు నలభై చొక్కాలు. ఇరవై ఏళ్ళలో చూపుడువేలి కొస రాయిలా గట్టిపడింది గానీ ఆ నలభై మాత్రం ఏనాడూ ముప్పైతొమ్మిది కాలేదు.

గుమ్మంలో సర్వే ఆఫీసు పెద్దాయన, చంకలో కాగితాల అట్ట. పోయిన వారం వచ్చిన అమ్మాయి రాసుకెళ్ళింది సరిచూడ్డానికి వచ్చాడట.

“చిన్న తేడా వచ్చిందమ్మా. మూడేళ్ళ కిందటి సర్వేలో మీరు హైస్కూలు పూర్తి చేశారని ఉంది. ఇప్పుడేమో చెయ్యలేదని ఉంది. వయసు పెరిగేకొద్దీ చదువు తగ్గదు కదా!”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. లోపలి గది తలుపు ఓరగా తీసే ఉంది. మంచం మీద భర్త. ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళే అందరి గురించీ చెప్పే సర్వే అది. ఆనాడు చెప్పింది ఆయనే. సిమెంటు బస్తాలు మోసి మోసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. తను అయిదో తరగతితో బడి మానేశాడేమో, చదువుకున్న పెళ్ళాం దొరికిందని మురిసిపోయి ‘మేడమ్’ అనే పిలిచేవాడు. పక్కింటివాళ్ళకు ఉత్తరం వచ్చినా “మా మేడమ్ చదివిపెడుతుంది” అని తనే తెచ్చేవాడు. పెళ్ళైన కొత్తలో ఆమె సర్టిఫికెట్ కోసం ఫ్రేము కొనుక్కొచ్చి తన మంచం పక్క గోడకు కొట్టాడు. పుట్టింటి నుంచి తెస్తానని ఆమె ఏటా చెప్పేది. ఆయన ఏటా అద్దం తుడిచేవాడు.

ఆయన మంచం పట్టిన ఆర్నెల్లుగా నిజం ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ముక్కూమొహం తెలియని సర్వే అమ్మాయికి, ఆయన నిద్రలో ఉండగా, గొంతు తగ్గించి చెప్పింది. ముందు పరాయివాళ్ళ దగ్గర నోరు అలవాటు చేసుకుందామనుకుంది, అంతే.

“పూర్తి చేసిందనే రాసుకోండి బాబూ,” అన్నాడు ఆయన లోపలి నుంచి దగ్గుతూ. “ఆ పిల్ల సరిగ్గా వినుండదు.”

పెద్దాయన పెన్ను తీశాడు. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకున్నట్టే.

“రాయకండి,” అంది ఆమె. గది గుమ్మం దాకా వెళ్ళి భర్తతో, “నేను పాసవలేదండీ. లెక్కల్లో పోయింది,” అంది.

ఆయన దిండు మీంచి తలెత్తి చూశాడు.

“ఎన్ని మార్కుల్లో పోయింది?”

“మూడు.”

“మూడు మార్కులకా ఇన్నేళ్ళూ నా దగ్గర దాచావు?”

మేడమ్ అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెద్దాయన తలొంచుకుని పాత జవాబు కొట్టేసి, వస్తానమ్మా అని మెల్లగా వెళ్ళిపోయాడు.

భర్తది కోపమో జాలో ఆమెకు తెలియలేదు. ఆయన కాసేపు పడుకుని లేచాక కాళ్ళ దగ్గర కూర్చుని అన్నీ చెప్పుకుందామని సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించింది. ఇంకో తొమ్మిది చొక్కాలయ్యాయి. ఎండ గుమ్మం దాటింది. మందువేళకు గ్లాసుతో లోపలికి వెళ్ళి ఆయన భుజం తట్టింది. భుజం చల్లగా ఉంది.

ఆయన మొహం తిప్పుకున్న గోడకు ఫ్రేము అలాగే ఉంది. అద్దం మీద ఆర్నెల్ల దుమ్ము, దాని వెనక ఉత్త అట్ట.