తెగిన కూత

జనగామలో బయలుదేరేటప్పటికే నేను అలసిపోయి ఉన్నాను. ఇంట్లో మధ్యాహ్నానికి వండిపెట్టి, బట్టలు ఆరేసి, మోకాలికి పట్టీ కట్టుకొని వచ్చాను. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు. మా చర్చి ఆడవాళ్ళం ఏడుగురం ట్రాలీ ఆటో వెనక కాసేపు కూర్చొని, నడుములు పట్టేస్తే కాసేపు నిలబడి మరిపెడ దాకా వచ్చాం. ఒకచోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జై తెలంగాణ అంటేనే పోనిస్తామన్నారు. అందరం అన్నాం. విస్తరాకుల్లో పులిహోర పెట్టి మరీ పంపారు. మాలో పెద్దదైన అంజమ్మక్క ఇంకో జై కొట్టి ఇంకో ముద్ద పెట్టించుకుంది.

మా పాస్టరు రాజలింగు అయ్యగారు మరిపెడ అవతల ఉన్న ఒక లంబాడా తండాకు మూడేళ్ళుగా వస్తున్నారు. తండావాళ్ళు మంచం వేస్తారు, నీళ్ళిస్తారు, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతారు. బైబిలు తెరవగానే ఒక్కొక్కరికీ ఏదో పని గుర్తొస్తుంది. ఒక్క సాయంత్రం వాళ్ళు కూర్చొని వింటే చాలని ఆయన కోరిక. పెళ్ళికి ముందు నేను యూనివర్సిటీ టీంలో కబడ్డీ ఆడానని మా ఆయన నోరు జారాడు. అప్పటినుంచి, తండా ఆడపిల్లలతో మా ఆడవాళ్ళకు కబడ్డీ పోటీ పెడితే తండా దగ్గరవుతుందని అయ్యగారు నన్ను వదల్లేదు.

"దేవుడు నీ కాళ్ళల్ల బలం పెట్టిండు సౌందర్యమ్మా. ఎందుకు పెట్టిండో ఎన్నడన్న ఆలోచన చేసినవా?"

"అది పద్నాలుగేండ్ల కిందటి బలం అయ్యగారూ" అన్నాను. వినలేదు.

తండా పెద్ద హీర్యా ఆటకు ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "మా పోరీలు గెలిస్తే పాటల్లేవు, ప్రార్థనల్లేవు. ఇంత చాయ్ తాగి పోవాలె. మీరు గెలిస్తే తండా మొత్తం కూసుంటది. మీ ముచ్చట అయిపోయేదాక ఒక్కడు లేవడు. సరేనా పాస్టరూ?"

"సరే" అన్నారు అయ్యగారు. ఆడాల్సిన మమ్మల్ని అడగలేదు.

తర్వాత నన్ను పక్కకు పిలిచారు. "కూతకు పోయినప్పుడు కబడ్డీ అనకు. యేసు, యేసు అను. ఆ పేరు వాళ్ళ చెవుల్ల పడాలె."

నాకది నచ్చలేదు. కబడ్డీ అన్నప్పుడు మాటమాటకూ పెదవులు మూసుకుంటాయి, ఊపిరి లోపలే నిలబడుతుంది. యేసు అన్నప్పుడల్లా పళ్ళ సందుల్లోంచి గాలి జారిపోతుంది. ఆ సంగతే చెప్పాను.

"ఊపిరిచ్చేది ఆయనే గదమ్మా" అన్నారు. మోకాలి పట్టీ బిగించుకున్నాను.

మక్కజొన్న కోసిన చెలకలో సున్నంతో గీతలు గీశారు. మాలో ముగ్గురు ఎన్నడూ ఆడనివాళ్ళు. అంజమ్మక్క చీర బిగించి బరిలో నిలబడింది కానీ, ఎవరైనా తాకితే చాలు, హమ్మయ్య అని వెళ్ళి గట్టు మీద కూర్చునేది. తండా పిల్లలు వట్టికాళ్ళతో ఆడుతున్నారు. వాళ్ళలో గోరీ అనే అమ్మాయికి పదిహేడేళ్ళుంటాయేమో, చీలమండ పట్టిందంటే వదలదు.

"ఏందక్కా, జనగామోళ్ళ దమ్ము గింతేనా?" అంది, నన్ను రెండోసారి పడేసి.

"అక్కను జర మెల్లగ పట్టుండ్రే, ఇంటికి పోయి అన్నం వండాలె" అన్నాడు గట్టు మీద ఒకతను. అందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు. నిజంగానే వండాలి.

ఎండ వాలేసరికి రెండు వైపులా పాయింట్లు సమానమయ్యాయి. హీర్యా లేచి, "గిదే ఆఖరి కూత" అన్నాడు.

నేనే వెళ్ళాను. యేసు, యేసు అంటూ గీత దాటి గోరీ భుజం తాకి వెనక్కి తిరిగాను. ఆమె నా మడమ పట్టేసింది. బోర్లా పడ్డాను. గీత జానెడు దూరంలో ఉంది. గట్టు మీద కుర్రాళ్ళు ఉత్సాహంతో జై తెలంగాణ అని అరుస్తున్నారు. నా లోపల గాలి అయిపోయింది. పెదవులు ఆగిపోయాయి. ఒక్క గుటక ఊపిరి లోపలికి తీసుకున్నాను. మళ్ళీ యేసు అన్నాను. వేళ్ళు గీత దాటాయి.

ఆ అరుపుల్లో ఎవరూ వినలేదనుకున్నాను. హీర్యా చెయ్యెత్తి, "జనగామ గెలిసింది" అన్నాడు.

మాట ప్రకారం తండా అంతా వచ్చి కూర్చుంది. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఆడినవాళ్ళు. అయ్యగారు బైబిలు తెరిచారు. మూడేళ్ళ తర్వాత ఇంతమంది ఆయన ముందు కూర్చున్నారు. "ముందుగాల మా చెల్లె సాక్ష్యం చెప్తది. ఈ గెలుపు ఎవరిచ్చిండో చెప్తది" అన్నారు.

లేచి నిలబడ్డాను. పాలల్లో ఒక గ్లాసు నీళ్ళెక్కువైతే పాలవాణ్ణి వాకిట్లోనే నిలదీసే మనిషిని నేను. ముందు వరసలో గోరీ, జుట్టు నిండా దుమ్ముతో, నన్నే చూస్తోంది.

"గీత దాటకముందే నా కూత తెగింది" అన్నాను. "ఊపిరి తీసుకున్న. నేను ఔటయిన. మీరే గెలిసిండ్రు."

కుర్రాళ్ళు ఈలలు వేశారు. హీర్యా తువ్వాల భుజం మీద వేసుకొని లేచాడు. "ఆటంటే ఆటనే పాస్టరూ. మీ మనిషే ఒప్పుకున్నది. చాయ్ తాగి పోండ్రి." ఆయన వెనకే అందరూ లేచారు. అయ్యగారు బైబిలు మూసి చంకలో పెట్టుకున్నారు.

చాయ్ గోరీయే తెచ్చింది. నాకిస్తూ, "నీ కూత తెగుడు నేను ఇన్నక్కా" అంది మెల్లగా.

"మరి అప్పుడే అనకపోతివి?"

"మీ దేవుని పేరు మీద పెట్టిన కూత. తెగిందని నేనెట్లంట?"

అయ్యగారు చాయ్ ముట్టుకోలేదు. ట్రాలీ ఎక్కాక, "మూడేండ్లమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. మోకాలు వాచింది, పట్టీ విప్పేశాను. అంజమ్మక్క అప్పుడే కునుకు తీస్తోంది.

బండి కదులుతుంటే గోరీ పరుగెత్తుకొచ్చి పక్కనే నాలుగడుగులు వేసింది. నాకేదో అరిచి చెప్పి ఆగిపోయింది.

చాలాసేపటికి అయ్యగారు అడిగారు. "ఏమన్నదమ్మా ఆ పిల్ల?"

"మళ్ళొచ్చినప్పుడు కబడ్డీ అనే అనాలట. యేసు అంటే దమ్ము నిలవదట."

ఆయన నవ్వలేదు. రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. వంటావార్పు దగ్గర బండి మళ్ళీ ఆపారు. అందరినీ దిగమన్నారు. కుంటుతూ దిగుతుంటే అయ్యగారు చెయ్యి అందించారు.

"మళ్ళొచ్చినప్పుడు అన్నదా?" అన్నారు.

"అన్నదయ్యగారూ."